పొగ రోజుల్లో తెల్ల కాగితాలు

ఎవరో తనను మోసం చేస్తున్నారని కామరాజుకు అనుమానం వచ్చింది బుధవారం పొద్దున ఆరింటికి. శుక్రవారం సాయంత్రానికి రిపోర్టు ఢిల్లీకి వెళ్ళాలి.

సంగారెడ్డిలో కిరాయి గది. బల్ల మీద రెండు వరసలు. పై వరసలో మబ్బుల ఫొటోలు. రోజూ పొద్దున తొమ్మిది ప్రాంతంలో దక్కను మీదుగా పోయే వాతావరణ ఉపగ్రహం తీసినవి. కింది వరసలో ఫ్యాక్టరీ పక్క ఊరు లక్డారం నుంచి వచ్చిన గుండ్రటి కాగితాలు. అక్కడ ఒక డాబా మీద ఉన్న యంత్రం పగలంతా గాలి పీల్చి, అందులోని మసిని ఈ కాగితాలకు పట్టిస్తుంది.

అతను నిరూపించవలసింది ఒక్కటే. పొగ రేణువులు కలిస్తే మబ్బులో నీటి బొట్లు చిన్నవవుతాయి, ఎక్కువవుతాయి. అలాంటి మబ్బు పైనుంచి చూస్తే మరింత తెల్లగా కనిపించాలి. అంటే ఫొటోలో లక్డారం మీది మబ్బులో తెల్లని చార ఉన్న రోజున లక్డారం కాగితం నల్లగా ఉండాలి. 1978లో ఈ మాట నమ్మేవాళ్ళు వాతావరణ శాఖ ఆఫీసులో ఇద్దరో ముగ్గురో. ఈసారి చూపించకపోతే ఈ పరిశోధన కేంద్రం మూసేస్తామని డైరెక్టరు తేల్చి చెప్పాడు. నాలుగేళ్ళ చాకిరీ.

చార ఉన్న రోజున కాగితం తెల్లగా ఉంది. చార లేని రోజున బూడిద రంగులో ఉంది. ఒకటి రెండు కాదు, లక్డారంలో యంత్రం పెట్టిన నలభై రోజులూ అంతే.

"కాగితాలు మార్చేస్తున్నారండీ," అన్నాడు జీపు డ్రైవరు సత్తిబాబు. అతనిదీ కామరాజుదీ గోదావరి పక్క ఒకే తాలూకా. "ఫ్యాక్టరీ వాళ్ళ పనేనండి. పొగ వదిలిన రోజే చూసుకుని మరీ మారుస్తున్నారంటే, మనకన్నా శ్రద్ధగా పనిచేస్తున్నారండోయ్."

"డాబా తాళం ఎవరి దగ్గరుంది?"

"నర్సింహమ్మ దగ్గరేనండి. మనం పెట్టుకున్న మనిషే కదా."

కామరాజు లేచాడు. నిద్ర చాలక కళ్ళు మండుతున్నాయి. "మనం ఎప్పుడు వెళ్ళినా శనివారం పొద్దుగూకాకే వెళ్ళాం. ఇవాళ పొద్దున్నే వెళ్దాం, పద."

రుద్రారం దాటాక జీపు మట్టిదారి పట్టింది. లక్డారం పక్కనున్న ఫ్యాక్టరీ గొట్టం నుంచి పొగ ఊరి మీదికి దిగుతోంది. కామరాజు వంద గజాల దూరంలో జీపు ఆపించి, చెప్పులు చేత పట్టుకుని మెట్లెక్కాడు.

నర్సింహమ్మ యంత్రం ముందు గొంతుక్కూర్చుని ఉంది. తడిగుడ్డను నాలుగు మడతలు వేసి, యంత్రం మూతికి బిగించి కడుతోంది.

"నర్సింహమ్మా!"

ఆమె ఉలిక్కిపడింది. "అయ్యో సారు! చెప్పకుండ వచ్చిన్రేంది? జెర కూసోండ్రి, చాయ్ పెడత."

"ఆ గుడ్డ ఎవరు కట్టమన్నారు?"

"గది ఒకరు చెప్పాల్నా? అటు సూడున్రి, పొగ ఎట్లొస్తుందో. కట్టకపోతే మిషను కడుపంత మసైతది. సర్కారు మిషను ఖరాబైతే నన్నే కదా అడుగుతరు?"

"ఎప్పుడూ కడతావా?"

"పొగొచ్చిన దినమల్ల కడత. నీళ్ళ కుండలకు ఊరంత గిట్లనే కడతరు. మీ మిషను కుండకన్న అగ్గువదా? పొద్దుమూకంగ ఇప్పి, గుడ్డ ఉతికి ఆరేస్త. ఒక్క దినం తప్పలే సారు."

ఆమె గొంతులో గర్వం ఉంది. కామరాజు కిందికి చూశాడు. గడపగడపకూ కుండలు, కుండలకు గుడ్డలు. వచ్చిన ప్రతి శనివారమూ వాటి మధ్య నుంచే నడిచి వెళ్ళాడు.

వెనకే వచ్చిన సత్తిబాబు అతన్ని పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "ఫ్యాక్టరీ వాళ్ళే కట్టించారని రాసెయ్యండి. కుట్ర అంటే ఢిల్లీ వాళ్ళు కేంద్రం మూయరు. ఇంకో ఏడాది ఇస్తారు. ఎవరడుగుతారండీ?"

"పోలీసులు అడుగుతారు. తాళం ఉన్నది ఈమె దగ్గర."

కామరాజు యంత్రం వైపు తిరిగాడు.

"గుడ్డ విప్పు నర్సింహమ్మా."

"మసైతది సారు."

"కానీ. ఈ యంత్రం పెట్టిందే మసి కోసం."

ఆమె నమ్మలేనట్టు చూసింది. "మసి కోసమా? గా ముచ్చట నాకెవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. కామరాజు తాళం ఇచ్చాడు. మీట నొక్కడం, కాగితం మార్చడం నేర్పాడు. జాగ్రత్త, జాగ్రత్త అని పదిసార్లు అన్నాడు. యంత్రం ఏం చేస్తుందో ఒక్కసారీ చెప్పలేదు.

ఆ సాయంత్రం కాగితం బొగ్గులా వచ్చింది. మర్నాడు అందిన ఫొటోలో చార ఉంది. నాలుగేళ్ళలో మొదటి జత. కామరాజు రాత్రంతా కూర్చుని ఉన్నదున్నట్టు రాశాడు. నలభై రోజుల కాగితాలూ చెల్లవు, తప్పు నాది, చెల్లేది ఈ ఒక్క జతే అని. రిపోర్టు, కాగితం కలిపి శుక్రవారం పంపాడు.

పది రోజులకు కాగితం తిరిగొచ్చింది. ఒక్క రోజును రుజువుగా తీసుకోలేమట. నెలాఖరుకు కేంద్రం మూత.

యంత్రాన్ని జీపులోకి ఎక్కిస్తుంటే నర్సింహమ్మ తలుపు దగ్గర నిలబడింది. "నా నౌకరి నా చేతులతోనే పోగొట్టుకున్న."

"నీది కాదు తప్పు. నేను చెప్పకపోవడమే తప్పు."

"గా నల్ల కాగితం ఏమైంది సారు?"

"నా దగ్గరే ఉంది. వాళ్ళకు పనికి రాదట."

"అయితే నాకియ్యి. ఫ్యాక్టరీ గేటు కాడికి పోయినప్పుడల్ల, మీ గుడ్డల మీదిది పొయ్యిల మసి అని ఎల్లగొడుతున్నరు. సర్కారు మిషను పట్టిందని సూపెడత."

"వింటారంటావా?"

"ఇనరు. అయినా సూపెడత."

సత్తిబాబు ఇంజను స్టార్టు చేసి, "అది గవర్నమెంటు రికార్డండీ," అని గుర్తు చేశాడు.

కామరాజు పెన్ను తీశాడు. కాగితాన్ని జీపు బానెట్టు మీద పెట్టి, అంచున తేదీ వేశాడు. లక్డారం అని రాశాడు. సంతకం చేశాడు. కింద హోదా రాయబోయి ఒక్క క్షణం ఆగాడు. నెలాఖరు దాకా ఉంది కదా అనుకుని, అదీ రాసి ఆమె చేతికిచ్చాడు.