పద్నాలుగు వందల పోగులు

నేతవీధిలో ఆ పాత మగ్గం బాగుచేయడానికి త్రినాధరావు ఒప్పుకున్నప్పుడు, సోమవారానికల్లా దాని మీద బట్ట నేయాలని ఆయనకెవరూ చెప్పలేదు. ఆ సంగతి పని సగంలో ఉండగా తెలిసింది.

మగ్గం అప్పలకొండమ్మది. ఆవిడకి డెబ్భై దాటాయి. భర్త పోయాక ఈ పన్నెండేళ్ళలో దాని ముందు ఎవరూ కూర్చోలేదు. కర్రల మీద తడిబట్టలు ఆరేశారు, ఉల్లిపాయల సంచులు వేలాడదీశారు. నేసే మనిషి కాళ్ళు దించుకునే గుంట మాత్రం నడింట్లో అలాగే ఉంది, పైన రెండు చెక్కలు కప్పుకుని. రెండు నెలల క్రితం ఆ చెక్క జారి ఆవిడ గుంటలో పడింది. చీలమండ బెణికింది. కొడుకు ఉమామహేష్ పరవాడలో మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తాడు. ఇంటికి టైల్స్ వేయిస్తూ, పనిలో పనిగా గుంట పూడ్పించేస్తానన్నాడు. తల్లీ కొడుకుల మధ్య మూడు రోజులు వాదన నడిచి, చివరికి ఒక మాట మీదికి వచ్చారు. తాపీమేస్త్రి సోమవారం వస్తాడు. ఆలోగా ఆ మగ్గం మీద జానెడు బట్టయినా నేసి చూపిస్తే గుంట ఉంటుంది. లేకపోతే పూడుతుంది, మగ్గం అటకెక్కుతుంది.

త్రినాధరావు కాలేజీలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ ల్యాబు చూసుకుని రిటైరైనవాడు. మూడేళ్ళ క్రితం భార్య దుర్గాలక్ష్మి పోయాక, చేతులు ఊరుకోలేక ఆవిడ కుట్టుమిషను బల్ల బాగుచేశాడు. అది చూసి ఎవరో ఉయ్యాలబల్ల తెచ్చారు, ఇంకెవరో హార్మోనియం పెట్టె మోసుకొచ్చారు. పని ఉన్న రోజు రాత్రి అన్నం సయించేది. ఆయన అడిగిన కూలి అంతే.

మగ్గం ఆయనకి నచ్చింది. చెద తిన్న రెండు కాళ్ళు తీయించి, అదే మద్దికర్రతో కొత్తవి చేయించి వేశాడు. మిగతా కర్రకి వేపనూనె పట్టిస్తుంటే దాని వయసు కొంచెం కొంచెంగా బయటపడింది. అడ్డపోగు మోసే నాడెను తాడుతో లాగి అటూ ఇటూ పరిగెత్తించే ఏర్పాటు కోసం వేసిన బెజ్జాలు తర్వాతి కాలంవి, అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. అంతకుముందు ఈ మగ్గం మీద నాడెను ఒక చేత్తో విసిరి రెండో చేత్తో అందుకున్నారన్నమాట. నేసిన బట్ట చుట్టే దూలం, మూడు తరాల పొట్టలు ఆనీ ఆనీ, నడిమధ్య నున్నగా లోపలికి పోయింది. దాన్ని ఆయన అలాగే వదిలేశాడు. అన్ని అరుగుదలలూ బాగుచేయాల్సినవి కావు.

గురువారం అప్పలకొండమ్మ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఇక మిగిలింది అచ్చు ఒక్కటే. నిలువు పోగులు ఒక్కొక్కటీ దూరి వచ్చే దారపు కళ్ళూ, వాటి ముందు వెదురు దువ్వెనా కలిపి అచ్చంటారు. దాంట్లో జానెడేసి పాత పోగులు, గంజీ దుమ్మూ పట్టి, నల్లగా వేలాడుతున్నాయి. కడగని సామాను బీరువాలో పెట్టిన రోజు త్రినాధరావు ఉద్యోగంలో ఒక్కటి లేదు. బ్లేడుతో ఆ పోగులన్నీ కోసి లాగేశాడు. అచ్చుని కుంకుడురసంలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తోమి, నీడన ఆరబెట్టాడు. వెదురు బంగారంలా తేలింది.

అప్పలకొండమ్మ ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ అచ్చు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పోగులేవి మేష్టారూ?"

"చివికిపోయాయమ్మా. తీసేశాను."

ఆవిడ కోప్పడలేదు. గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. కాసేపటికి లేచి ఆయనకి గ్లాసెడు మజ్జిగ ఇచ్చి, అప్పుడు చెప్పింది. నేతలో పాత పడుగుని, అంటే నిలువు పోగుల్ని, పూర్తిగా ఎవరూ తీయరట. బట్ట కోసుకున్నా, చివరి జానెడు అచ్చులోనే ఉంచుతారు. కొత్త పోగుని పాత పోగుకి మెలేసి అతికితే, పడుగంతా తన దారిన తానే వచ్చేస్తుంది. ఒక్క రోజు పని. ఇప్పుడు పద్నాలుగు వందల పోగులూ వరస తప్పకుండా ఒక్కొక్కటిగా కొత్తగా ఎక్కించాలి. అందుకు ఇద్దరు కావాలి. వెనక కూర్చుని పోగు అందించే మనిషి ఒకరు, ముందు కూర్చుని కొక్కెంతో లాగే మనిషి ఒకరు. ఆ అచ్చు ఆఖరిసారి ఎక్కించింది ముప్పై అయిదేళ్ళ కింద, తనూ తోడికోడలు మరిడమ్మా. ఆ తర్వాత అన్నీ అతుకులే.

"మరి ఆవిడ?" అన్నాడాయన.

మరిడమ్మ ఇల్లు అదే వీధి చివర. ఇద్దరి మధ్యా మాటల్లేక ఇరవై రెండేళ్ళు. అన్నదమ్ముల్లో పెద్దవాడు, మరిడమ్మ భర్త, నేత మానేసి బెల్లం మార్కెట్లో కాటా పనికి కుదిరాడు. వాటాలప్పుడు మగ్గం చిన్నవాడికి, అప్పలకొండమ్మ భర్తకి, వచ్చింది. అప్పటికి మరిడమ్మ నేస్తున్న బట్ట ఇంకా మగ్గం మీదే ఉంది. మూడు రోజులు ఆగితే దింపేసుకుంటానని ఆవిడ అడిగింది. అప్పలకొండమ్మ కుదరదంది.

శుక్రవారం పొద్దున్నే త్రినాధరావు ఆ చివరింటికి వెళ్ళాడు. మరిడమ్మ చింతపండు పిక్క తీస్తోంది. ఆయన చెప్పిందంతా తలెత్తకుండా విని, ఒక్కటే అడిగింది.

"అది పంపిందా, మీరే వచ్చేరా?"

పంపిందని చెప్పేద్దామని ఒక్క క్షణం అనిపించింది. "నేనే వచ్చానమ్మా. తప్పు నాది."

"అయితే మీ తప్పు మీరే సరిజేసుకోండి." ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి అంది: "గుమ్మం తక్కువ. తల జాగర్త."

తల సంగతి చూసిన మనిషి పూర్తిగా కాదన్నట్టు కాదని ఆయన దారంతా అనుకున్నాడు. కానీ సాయంత్రం దాకా ఎవరూ రాలేదు.

శనివారం ఆయనే మగ్గం వెనక కూర్చుని పోగులు అందించడం మొదలుపెట్టాడు. అప్పలకొండమ్మకి కళ్ళు ఆనవు, ఆయనకి వరస తెలియదు. వరస తప్పకూడదని గట్టిగా లెక్కపెట్టసాగాడు. పూట గడిచేసరికి నలభై మూడు పోగులెక్కాయి. వాటిలో పదకొండు తప్పు.

"ఈది సివరికి ఇనపడతంది. నేతా అది, ఎక్కాలా?"

గుమ్మంలో మరిడమ్మ నిలబడి ఉంది. రొంటిని దోపుకున్న కొక్కెం తీసి చేత పట్టుకుంది. అరిగి, సన్నబడి, మెరుస్తున్న ఇనుపతీగ. "లెగండి మేష్టారూ," అంది. అప్పలకొండమ్మ వైపు చూడలేదు. అప్పలకొండమ్మ ముందు చోటు ఖాళీ చేసి, మగ్గం వెనక్కి వెళ్ళి కూర్చుంది.

మధ్యన అచ్చు అడ్డం. ఒకరి మొహం ఒకరికి కనబడదు, వేళ్ళు మాత్రమే కనబడతాయి. వెనకనుంచి పోగు కొస వచ్చేది, ముందునుంచి కొక్కెం వెళ్ళి తెచ్చుకునేది. వంద పోగులు. రెండొందలు. త్రినాధరావు అరుగు మీద కూర్చుని వింటున్నాడు. ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా ఒకే పని చేసుకుంటున్న చప్పుడు ఆయన విని మూడేళ్ళయింది.

మూడొందలు దాటాక ఒక పోగు దగ్గర కొక్కెం రాలేదు.

"అది కాదు. దాని ముందుది," అంది మరిడమ్మ.

"కనపడతలేదప్పా."

అక్కా అనే ఆ పిలుపు ఆ ఇంట్లో వినబడి ఇరవై రెండేళ్ళయింది. మరిడమ్మ అంది: "నాకు మాత్రం కనపడతందేటి? కళ్ళు మూసుకో. ఏలికి తెలుత్తాది."

నిజంగానే ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. పని అంతకుముందుకంటే జోరందుకుంది. చీకటి పడేదాకా కూర్చున్నారు. మళ్ళీ ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం, త్రినాధరావు కాఫీ గ్లాసులు పెట్టి వెళ్తుండగా, మరిడమ్మ అడిగింది.

"నా బట్ట మిగతాది నువ్వే నేసేవా?"

"లేదు. నువ్వు ఆపిన కాడికే కోసేను."

"ఏం?"

"నేద్దామనే కూకున్నాను. నాలుగంగుళాలు నేసి ఇప్పేసేను. నీ నేత పక్కన నాది నిలబడలేదప్పా. సూసినోడెవడైనా పట్టేత్తాడు." అప్పలకొండమ్మ గొంతు తగ్గింది. "ఆ రోజు మూడు రోజులు ఆగమంటే, అందుకే ఆగలేదు. మావయ్య నీ బట్టే ముందు మడత పెట్టీవాడు."

మరిడమ్మ కొక్కెం లోపలికి వెళ్ళి, తర్వాతి పోగు కోసం ఎదురుచూసింది.

సోమవారం ఎనిమిది గంటలకి తాపీమేస్త్రి అచ్చిబాబు సిమెంటూ ఇసకా దింపించాడు. ఇంకా రెండొందల ఎనభై పోగులున్నాయి. జానెడు కాదు కదా, అంగుళం బట్ట కూడా లేదు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన ఉమామహేష్ గుమ్మంలో నిలబడిపోయాడు. త్రినాధరావు ఎదురెళ్ళి, తప్పంతా తనదేనని, ఇంకో రెండు రోజులు గడువిమ్మని అడిగాడు. ఆ కుర్రాడు వింటున్నట్టు లేడు. లోపలికే చూస్తున్నాడు. చిన్నతనం దాటాక వాడు వాళ్ళమ్మనీ పెద్దమ్మనీ ఒకే గదిలో చూడలేదు.

"గుంట పూడిసేద్దాఁవా?" అని అచ్చిబాబు అడిగాడు.

మగ్గం దగ్గర చేతులు ఆగాయి. ఇద్దరూ తలెత్తలేదు.

ఉమామహేష్ బూట్లు విప్పి, లోపలికి వెళ్ళి, గుంట చుట్టూ ఒకసారి నడిచాడు. చీలమండ ఎత్తులో చెయ్యి పెట్టి చూపించాడు.

"సుట్టూ ఇంత గట్టు కట్టు బావా. మా అమ్మ జారిపోకుండా. టైల్సు ఆ గట్టు బయటే."

"అంతెత్తు వద్దు," అంది మరిడమ్మ, కొక్కెం చాపుతూనే. "నా మోకాళ్ళు ఎత్తలేను. రోజూ ఎక్కి దిగాల గదా."