హరలాంపికి పద్నాలుగు గుత్తులు

"ఈ ఆదివారం కూడా సర్వర్ పడిందంటే, సోమవారం నుంచి మనకి ఫోనూ పుస్తకమే. నువ్వు రానక్కర్లేదు," అన్నాడు హరలాంపి తెమెనూగతో. ప్లోవ్‌దివ్ నగరంలో ఆ పూల దుకాణం ఆయనది. గొంతు పెంచడు. మెల్లగా అన్నాడంటే ఖాయమన్నమాటే.

అక్కడ ఒక్కో పేరుకీ ఏడాదిలో ఒక పండగ రోజుంటుంది, ఆ పేరున్నవాళ్ళకి అయినవాళ్ళంతా పూలు పంపుతారు. ఆదివారం త్స్వెత్నిత్స, పువ్వు పేరున్న ప్రతివాళ్ళకీ పేరు పండగ. దుకాణానికి ఏడాదంతా ఒక ఎత్తు, ఆ రోజొక ఎత్తు. ఆర్డర్లు తీసుకునే సర్వర్ ప్రోగ్రాం రాసింది తెమెనూగ. ఆమెదీ పువ్వు పేరే.

ఆ సర్వర్ రోజూ పడినా బాగుండేది, పట్టుకోవచ్చు. డిసెంబరులో నికోలాల పండగకి పడింది. జనవరిలో ఇవాన్ల పండగకి పడింది. ఫిబ్రవరిలో సాక్షాత్తూ హరలాంపి పండగకే పడింది. ఇవాన్ల పండగ నాడు, చేసే ప్రతి పనీ రాసిపెట్టమని ప్రోగ్రాంకి పురమాయిస్తే, ఆ రాతతో నత్తనడక నడిచింది కానీ పడలేదు. రాత మాన్పించగానే మళ్ళీ బోర్లా పడింది.

గిరాకీ ఎక్కువై పడుతోందనుకుని ఆమె వెయ్యిమంది పేర్లతో వెయ్యి ఉత్తుత్తి ఆర్డర్లు పంపి చూసింది. సర్వర్ చెక్కు చెదరలేదు. తెమెనూగకి ఏడుపొక్కటే తక్కువ.

"గిరాకీయా, నా మొహమా!" అంది గుత్తులు కట్టే స్టాంక. "ప్రేమికుల రోజున చేతులు పడిపోయేలా కట్టానమ్మాయ్. అప్పుడు పడిందా?"

"లేదు పిన్నీ."

"మన హరలాంపి పండగకో? కట్టిందే ఇరవై. పద్నాలుగు ఆయనకే!"

"పద్నాలుగూ ఒక్కరికేనా?"

"మరి? ప్రేమికుల రోజునైతే మనిషికో గుత్తి. రెండొచ్చినవాళ్ళు పైకి చెప్పుకోరులే!"

తెమెనూగ నవ్వబోయి ఆగిపోయింది. పేరు పండగకి ఒక్కో మనిషికి పదిమంది పంపుతారు, అదీ తొమ్మిది కొట్టగానే. సర్వర్‌లో ఆర్డర్లు రాసేది ఎనిమిది థ్రెడ్లు, ఎనిమిది మంది గుమాస్తాల్లా. పూలందుకునే ఒకే మనిషి పేజీ మీద ఇద్దరు ఒక్కసారే పడితే, ఒకరు రాస్తుండగానే రెండోవారు కాగితం చింపేస్తున్నారు. ఇవాన్ల పండగ నాడు ఆ రాతతో అందరి నడకా మందగించి, ఇద్దరు ఒక్కసారే తగల్లేదు. తను వెయ్యిమందికి పంపింది కానీ, ఒక్కరికి రెండు పంపలేదు. పుట్టినప్పటి నుంచీ ఈ పండగలు చేసుకుంటూ ఇంత చిన్న విషయం తట్టనందుకు తల బాదుకుంది.

ఒక్క పేరు మీద రెండువందల ఆర్డర్లు పంపింది. మూడు సెకన్లలో సర్వర్ కూలింది. ఆమె ఎగిరి గంతేసింది. ఒకరు పేజీ తెరిస్తే రెండోవారు బయట ఆగేలా తాళం వేసి, మళ్ళీ రెండువందలు పంపింది. ఈసారి నిలబడింది. అయినా ఆదివారం మీద నమ్మకం కుదరలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి ఇంట్లో తెర ముందు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. ఆర్డర్లు వరద కట్టాయి. పదింటికి తలుపు గంట మోగింది. రెండు గుత్తులు, ఒకటి హరలాంపి నుంచి, ఒకటి స్టాంక నుంచి. రెండు చీటీల మీదా ఆర్డరు సమయం ఒకటే, సెకనుతో సహా.

స్టాంకకి ఫోన్ చేసింది. "ఇదెలా కుదిరింది పిన్నీ?"

"ఒక్కరికే ఇద్దరు ఒక్కసారి పంపితే పడేదని చెప్పావుగా. ఆయన ఒకటి, రెండు, మూడు అన్నాడు. ఇద్దరం నొక్కేశాం. పడితే నీ పండగకే పడనీ అన్నాడు మహానుభావుడు!"

హరలాంపి చీటీలో శుభాకాంక్షల కింద ఒక్క ముక్కే ఉంది: "సోమవారం ఆలస్యంగా రాకు."

గుత్తికి ఏడేసి పూలు. ఒకే కూజాలో పెడితే పద్నాలుగవుతాయి, సరిసంఖ్య పూలు పోయినవాళ్ళకి పెట్టేవి. తెమెనూగ ఒకటి తీసి చెవి వెనక పెట్టుకుంది.