వానల్లో కోసిన వెదురు

ఏటి వంతెనను ఎత్తుకుపోయిన వరద వచ్చి ఇది మూడో ఏడు, అవును, మూడో ఏడే, పురుగు పట్టిన వెదురు కట్టు పీపా నడుముకి అంతకంటే ఆగదు, లోపలంతా పిండైపోతుంది, అనుకుంటూ పీపాలకి కట్లు వేసే ముసలి ఇసోకిచి తెగిన కట్టును విదిలిస్తే పసుప్పచ్చ పొడి గడప మీద రాలింది, చప్పున కాలితో చెరిపేశాడు, ఎవరూ చూడలేదు, చూసినా ఏమంటారు, ఈ ఊళ్లో ఏది విరిగినా ఏది ఒలికినా ఒకటే మాట, పీడ రాలిపోయిందోచ్, గిన్నె జారితే పీడ రాలిపోయిందోచ్, కొత్త చెప్పు తెగితే పీడ రాలిపోయిందోచ్, వానలో ముద్దయి వస్తే మాత్రం తడిసిన మొగాడే అందగాడని ఇంకోటి, అనుకుని నవ్వేసి ఎవరి పనికి వాళ్లు పోవడమే, మధ్యాహ్నం సోయా రసం పులియబెట్టి అమ్మే నుయమ్మా అదే అంది, చీలమండల దాకా ఆ రసంలో నిలబడి, మొగుడు పోయే ముందు తన చేత్తో నింపిన ఆఖరి పీపా, మనిషిన్నర ఎత్తుది, ఫట్టున కట్టు తెగి విచ్చుకుపోయి, రెండేళ్లుగా పులిసిన సరుకంతా నల్లగా కాలవలోకి పోతుంటే అందరూ నోళ్లు తెరిచారు, ఆమే ముందు నవ్వింది, పీడ రాలిపోయిందోచ్, ఇవాళ మన చేపలకి పండగ, అంటే, చేపలమ్మే కంజి అందుకుని, పట్టుకొస్తానుండు వదినా, ఉడకపెడితే చాలు, రుచి ముందే పట్టింది అన్నాడు, అందరూ పకపకా, ఆమె కళ్లు మాత్రం కాలవ మీదే, ఇటు తిరిగి, ఇసో తాతా, ఆ మొహమేంటి, నీ చేతి కట్టు తెగిందంటే మా గ్రహచారమే, నీ నోటెంట వచ్చేదే ఆ ఒక్క మాట, అను మరి, అంది, అన్నాడు, ఛీ, అన్నాడు, అందరితోపాటు.

చలి ముదిరాకే వెదురు కొయ్యాలి, మూడో తరగతిలో బడి మాన్పించి కత్తి చేతికిచ్చినరోజు నాన్న చెప్పిన మొదటి మాట, వానల్లో కోస్తే తియ్యగా ఉంటుంది, పురుగుకి విందు, కానీ ఎండిన వెదురంతా వరదకి పోయింది, ఆ ఏడు ఆగండమ్మా అంటే ఆగేవాళ్లే, అనడానికి నోరు రాలేదు, నోరు కాదు, మనసే, ఇసోకిచి దగ్గర వెదురు లేదట అనిపించుకోలేక వానల్లో కోసి పచ్చిదే చీల్చి అల్లాడు, ఎవరికి తెలుస్తుందిలే అని, ఒక్కదానికేనా, మూడింటికి, మూడు పీపాలకీ, అమ్మో, మిగతా రెండూ నిండుగా ఉన్నాయి, రేపు పొద్దున్నే నుయమ్మ కర్ర పట్టుకుని వాటి అంచున నిలబడి కలియబెడుతుంది, పక్కన పీడ రాలిపోయింది కదా అనే ధీమాతో, ఆ మాట ఎవరి చెయ్యీ లేనివాటికి, దీనికి చెయ్యి ఉంది, ఈ చెయ్యే.

తెల్లారగానే తెగిన కట్టు భుజాన వేసుకుని వెళ్లి, నిచ్చెన మీద కాలు పెట్టబోతున్న నుయమ్మ ముందు మోకాళ్ల మీద కూలబడి నుదురు నేలకి ఆనించి, ఎక్కొద్దమ్మా, ఇది వానల్లో కోసిన వెదురు, తెలిసే కట్టాను, ఆ రెండింటికీ ఇదే, అన్నాడు, ఎక్కడ నవ్వేస్తుందోనని ఒక్కటే భయం, ఆమె నవ్వలేదు, అతను నుదురు నేల మీంచి ఎత్తలేదు.