పని అడిగినవాడి మీద వాన

అఫ్జల్‌గంజ్ సందులో గోపాలకృష్ణమూర్తి గారి బైండింగ్ షాపును పొద్దున్నే తెరిచేది బాలకిషన్. ఛత్రినాక నుంచి సైకిల్ మీద వచ్చి, నేల ఊడ్చి, స్టవ్ మీద మైదా జిగురు ఉడకబెట్టి, మూర్తి గారు వచ్చేసరికి కుట్టుపనిలో మునిగి ఉండేవాడు. బందరు నుంచి వచ్చి ఆ షాపు పెట్టిన మూర్తి గారే చిన్నప్పుడు అతని చేతికి మొదట సూది ఇచ్చింది.

ఆ సంవత్సరం స్కూళ్ల ఆర్డర్లు తగ్గిపోయాయి. జీతం సగం సగంగా వస్తోంది. ఇంట్లో భార్య చంద్రమ్మకు నెలలు నిండుతున్నాయి.

"సార్ మంచోడే, నేనేమన్న కాదంటున్ననా? జర వేరే తాన గూడ అడిగి చూడు" అంది.

అడగాలంటే బాలకిషన్‌కు వాన భయం. ఒక పని చేతిలో ఉండగా ఇంకో చోట పని అడిగితే, ఆ మనిషి ఒక్కడి మీదే వాన పడుతుంది. బజారులో అందరికీ తెలిసిందే. మొన్న బట్టల కొట్టు గుమాస్తా చినుకుల్లో నడిచొస్తుంటే జనం తడవకుండా పక్కకు జరిగారు, అంతే. కానీ కాగితాల షాపులో తడిసిన మనిషిని ఎక్కడ కూర్చోబెడతారు?

అందుకని అన్నం వేళకే వెళ్లేవాడు. శాలిబండలోని పెద్ద ప్రెస్సులో పని అడిగి, వస్తూ వస్తూ నయాపూల్ వంతెన గోడ మీద కూర్చుని, చొక్కా పిండి ఆరేసుకుని, ఒళ్లు ఆరాకే షాపుకు వచ్చేవాడు. ఆలస్యమైనంతసేపూ సాయంత్రం ఎక్కువ కుట్టేవాడు. అతని జుట్టు తడిగా కనబడిన రోజు మూర్తి గారు కాగితాల కట్టను మెల్లగా తనవైపు జరుపుకునేవారు.

చివరికి ప్రెస్సు మేనేజర్ ఒప్పుకున్నాడు. "వచ్చెయ్యి భాయ్, ఫోర్‌మన్ పోస్ట్ ఇస్త. వచ్చేటప్పుడు మీ షాపుకొచ్చే స్కూళ్లను గూడ ఇటు తిప్పు."

"చేతులే నావి సార్. స్కూళ్లు మా సార్‌వి."

మేనేజర్ అతన్ని ఎగాదిగా చూశాడు. "సరే, చేతులే తే. సోమవారం జవాబు చెప్పు. లేకుంటే ఇంకోన్ని పెట్టుకుంట."

సోమవారం బాలకిషన్ ముందు షాపుకే వచ్చాడు. మూర్తి గారికి చెప్పకుండా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు. తీరా చూస్తే ఆయన షాపులో లేరు.

చాలాసేపటికి వచ్చారు. కళ్లజోడు మీంచి నీళ్లు కారుతున్నాయి. పంచె కాళ్లకు అంటుకుపోయింది. బయట మాడిపోయే ఎండ. పుస్తకాలు తడుస్తాయని ఆయన గడప దగ్గరే ఆగిపోయారు.

బాలకిషన్ లేచి తువ్వాలు అందించాడు. "ఎటు పోయిండ్రు సార్?"

"ఏదో స్కూల్లో గుమాస్తా పని ఉందంటే వెళ్లాను. ఈ వయసులో ఎవరిస్తారయ్యా?" ఆయన తల తుడుచుకున్నారు. "నువ్వేదో చెప్పాలన్నట్టు నిలబడ్డావు. చెప్పు."

తను పోతే షాపు ఆ రోజే మూతపడుతుందని బాలకిషన్‌కు తెలుసు.

"ఏం లేదు సార్. జిగురు మాడుతున్నది" అని స్టవ్ దగ్గరికి వెళ్లిపోయాడు. శాలిబండకు పోనేలేదు.

ఆ నెలాఖరుకు షాపు ఎలాగూ మూతపడింది. కాగితాలు కోసే మెషీన్‌ను పాతసామాన్లవాడు బండి మీద వేసుకుపోయాడు. ప్రెస్సులో అప్పటికే ఇంకొకడు చేరిపోయాడు. చంద్రమ్మకు ఆడపిల్ల పుట్టింది. బాలకిషన్ ఏ వేళంటే ఆ వేళ తిరిగాడు, కనబడిన ప్రతి గడపలోనూ అడిగాడు. ఒక్క చినుకు పడలేదు. చేతిలో పని లేనివాడి మీద వాన పడదు.

ఒక మధ్యాహ్నం బార్కస్ దారిలో కాగితాల గోదాం ముందు పని కోసం వరుసలో నిలబడ్డాడు. ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగారు. మూర్తి గారు. ఒంటి మీది ఇస్త్రీ చొక్కాకు ఎక్కడా తడి లేదు.

"ఒక్కణ్ణే తీసుకుంటారట బాలకిషన్. నువ్వు ముందుకు రా."

"మీరు పోండ్రి సార్."

"పసిబిడ్డ ఉందిగా నీకు. రా."

"మీ తర్వాతనే సార్."

ఇద్దరూ కదల్లేదు. వెనకాల నిలబడ్డ కుర్రాడు ఓపిక పట్టలేక, "జాతే కీ నై మియా? పోతరా లేదా?" అని విసుక్కుంటూ వాళ్లను దాటుకుని లోపలికి వెళ్లాడు. వాడి వెనక తలుపు మూసుకుంది.