నా నడుముకి కుక్క గొలుసు

నేను ఒక కొలత గొలుసుని. సింగుపేట మున్సిపాలిటీ వారి సొత్తుని. పొడవు అరవయ్యారు అడుగులు, ఒంట్లో వంద లింకులు, రెండు చివరలా పట్టుకోవడానికి ఇత్తడి పిడులు. ఇది నేను పుట్టినప్పటి సంగతి. ఇప్పటి సంగతి చెప్పాలంటే ముందు లెంక జోగినాయుడు పేరు చెప్పాలి. టౌన్ సర్వేయరు. నా పరువు తీసినవాడు. ఊళ్లో అందరూ "గొలుసుది తప్పు, గొలుసుది తప్పు" అంటారే గానీ, ఆ గొలుసు నడుముకి కుక్క గొలుసు తగిలించిన మనిషిని ఒక్కడూ ఒక్క మాట అనడు. ఒకటో తారీఖున వాడి జీతం వాడికి వస్తూనే ఉంది.

నాకు పెద్ద చదువు లేదు. వంద దాకా లెక్క వచ్చు, అంతే. కానీ ఆ వందలో ఏనాడూ తప్పు చెప్పలేదు. ఉక్కు తీగని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ రెండు చెవులు వంచి, చెవిలో చెవి దూర్చి నన్ను అల్లారు. లెక్క తప్పకుండా పది లింకులకొక ఇత్తడి బిళ్ల కట్టారు. మొదటి సర్వేయరుగారు ప్రతి శనివారం నాకు ఆముదం రాసేవారు. ముందు నాకు రాసి, మిగిలితే తన మోకాళ్లకి రాసుకునేవారు. అలాంటి మనిషి. ఆయన నన్ను బిగలాగి పట్టుకుంటే, గోడ దగ్గర కొట్టుకుంటున్న అన్నదమ్ములు కూడా నోరు మూసుకునేవారు. మనుషులు ఒకరి మాట ఒకరు నమ్మరు గానీ ఇనప ముక్క మాట నమ్ముతారు. ఆ నమ్మకం మీదే పాతికేళ్లు బతికాను.

తరవాత జోగినాయుడు వచ్చాడు. మాది చిన్న మున్సిపాలిటీ కాబట్టి వాడొక్కడికే మూడు పనులు అప్పజెప్పారు. భూముల కొలత ఒకటి. రోడ్ల మీద తిరిగే పశువుల్ని పట్టి పెట్టే బందెలదొడ్డి ఒకటి. పిచ్చికుక్కల్ని పట్టడం ఒకటి. మూడు పనుల సామానూ దొడ్డిలో ఒకే రేకుల షెడ్డులో ఉండేది. నా పక్కన గడ్డి, గడ్డి పక్కన కుక్క గొలుసులు. అక్కడే నా జాతకం రాసి ఉందని నాకు అప్పుడు తెలియలేదు.

ఒకరోజు బస్టాండు రోడ్డుకి అడ్డంగా పడుకున్న గేదెని తోలుకొచ్చారు. కడదామంటే తాడు లేదు. తాడుని ముందురోజు ఒక ఆవు తినేసింది. జోగినాయుడు అటూ ఇటూ చూసి, నన్ను చూశాడు. పాతికేళ్లు భూదేవిని కొలిచిన నన్ను గేదె మెడకి చుట్టి గుంజకి కట్టాడు. ఆ గేదె ఎవరిదనుకున్నారు? సాక్షాత్తూ మున్సిపల్ చైర్మన్ కోరాడ గుంపస్వామిది. ఆయన పరుగున వచ్చి "నా తల్లే, నా బంగారే" అనగానే, యజమానిని చూసిన సంతోషంలో అది ఒక్క గుంజు గుంజింది. నా నడుము తెగింది. సరిగ్గా నడుమ ఉన్న మూడు లింకులు గేదె మెడలో హారంలా వెళ్లిపోయాయి.

కొత్త గొలుసు కావాలని కాగితం పెడితే పాతది ఏమైందని అడుగుతారు. పాతది ఏమైందో రాస్తే చైర్మన్ గేదె పేరు రాయాలి. అంత ధైర్యం జోగినాయుడికి లేదు. మేకు మీద ఉన్న కుక్క గొలుసు తీసి, నా రెండు ముక్కల మధ్యా తగిలించాడు. పోయిన మూడు లింకుల పొడవు రెండడుగులు. కుక్క గొలుసు పొడవు అయిదడుగులు. అయినా వాడు వేళ్లు మడిచి, "పోయినవి మూడు, పెట్టింది ఒకటి. తగ్గితే తగ్గుంటది గానీ పెరగదు" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సర్కారు వాడికి సర్వే నేర్పింది గానీ పొడవంటే ఏమిటో నేర్పలేదు.

ఇలా నేను అరవైతొమ్మిది అడుగుల గొలుసునయ్యాను. కాగితం మీద మాత్రం అరవయ్యారే.

కొన్నాళ్లకి పశువుల్ని పట్టడం మానేశారు. పట్టిన ప్రతి పశువూ ఏదో ఒక కౌన్సిలర్‌దే అవుతోంది మరి. దాంతో దొడ్డి స్థలం ఏం చెయ్యాలన్నది కౌన్సిల్‌కి వచ్చింది. రోడ్డు వైపు సరిగ్గా రెండు గొలుసుల పొడవు, పదడుగుల లోతు. చైర్మన్‌కి కాంప్లెక్సు కావాలి. ఏడుగురు కౌన్సిలర్లకి పార్కు కావాలి, కానీ అందులో ఎవరి విగ్రహం పెట్టాలో తేలక ఏడుగురూ ఏడు దారులయ్యారు. మూడు సమావేశాలు ఇలాగే గడిచాయి. నాలుగోదానికి నేనూ ఉన్నాను, జోగినాయుడి సంచిలో.

ఆ రోజు మైలపల్లి పోలమ్మ హాల్లోకి వచ్చింది. బస్టాండు ఎదురుగా నేల మీద ఇరవైరెండేళ్లుగా ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఆవిడ వెనక ఇంకో ఎనమండుగురు రోడ్డుపక్క వ్యాపారులు. నెత్తి మీద బుట్టలు దించి వరసగా పెట్టుకుని కూర్చున్నారు.

"ఇదేటిది? ఈ బుట్టల్ని లోనికెవులు రానిచ్చారు?" అన్నాడు చైర్మన్ ముక్కు మూసుకుని.

"రోడ్డు మీద ఎడితే లేపేత్తన్నారు గదా బావూ. ఇక్కడ సల్లగున్నాది," అంది పోలమ్మ. "మీరు నెమ్మదిగా తేల్సుకోండి. మాకు తొందర్లేదు."

ఏసీ కోసం కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పోలమ్మ బుట్టలో నెత్తళ్లు, సావిడాయిలు, ఇంకా పేరు చెప్పకుండానే తెలిసిపోయే ఎండుచేపలు. మూడు సమావేశాల్లో తేలనిది నాలుగు నిమిషాల్లో తేలిపోయింది. దొడ్డి స్థలాన్ని పది కొట్లుగా విడదీసి రోడ్డుపక్క వ్యాపారులకి ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించి, అందరూ గాలి కోసం బయటికి పరుగెత్తారు.

తొమ్మిదిమందికి పదో మనిషి చైర్మన్ బావమరిది. వాడు ఒక పూటంతా రోడ్డు మీద రెండు సెల్‌ఫోను కవర్లు పట్టుకుని నిలబడి రోడ్డుపక్క వ్యాపారి అయ్యాడు. చీటీలు తీస్తే వాడికి మూడో నంబరు వచ్చింది. ఎలా వచ్చిందని నన్నడగకండి. పోలమ్మకి పదో నంబరు, మూల కొట్టు. ఆవిడ మొహం వెలిగిపోయింది. వాన పడితే ఎండుచేప మళ్లీ పచ్చిచేప అవుతుంది, దాన్ని ఎవరూ కొనరు. ఇన్నేళ్లూ ఆవిడ కోరుకున్నది ఒక్కటే, తడవని చోటు. మూసేసిన ఒక రేషన్ షాపువాళ్లు తీసేసిన షట్టరు, పన్నెండడుగులది, బేరం చేసి ఆ రోజే మాట్లాడుకుంది.

జోగినాయుడు నన్ను పరిచాడు. నా ఒంటి మీద రెండు బిళ్లలకొక కొట్టు, అంటే పదమూడడుగుల పైచిలుకు. రెండుసార్లు నన్ను వేస్తే పది కొట్లు. కుక్క గొలుసు ఉన్న నడుము మొదటిసారి మూడో నంబరు మీద పడింది, రెండోసారి ఎనిమిదో నంబరు మీద పడింది. ఆ రెండు కొట్లూ మూడేసి అడుగులు ఒళ్లు చేశాయి. ఆ లావంతా ఎవరి పొట్టలోంచి వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. చెప్దామని నేను గలగలమన్నాను. "తుప్పు," అన్నాడు జోగినాయుడు.

మిగతా కొట్లకి గోడలు లేచాక పోలమ్మ రిక్షాబండి మీద షట్టరు వేసుకుని వచ్చింది. బండి దిగి అటు చూసింది, ఇటు చూసింది.

"నా కొట్టేది సర్వేరు బావూ?"

"ఇదేనమ్మా."

"ఇది కొట్టా, కొట్టుకెల్లే సందా?"

"వానలకి నేల కుంచించుకుపోద్ది పోలమ్మా. అదో శాస్త్రం."

"తొమ్మిదిమంది కాడ కుంచించుకోని నేల నా ఒక్కద్దాని కాడే కుంచించుకున్నాదేటి? ఏదీ, ఆ గొలుసిలాగియ్యి." నన్ను లాక్కుని చేతుల్లో జారవిడుస్తూ నడుము దాకా వచ్చి ఆగింది. "ఓలమ్మో! దీనికి కుక్క గొలుసెవులు కట్టినారు? ఇది నా నేలని కొలిసినాదా, కరిసినాదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఇన్నాళ్లకి నన్ను సరిగ్గా చూసిన మనిషి ఆవిడే.

పోలమ్మ అర్జీ పెట్టింది. తిరిగి కొలిస్తే బావమరిది కొత్త గోడ మూడడుగులు వెనక్కి జరగాలి. గుంపస్వామి కౌన్సిల్‌లో లేచి, "మున్సిపల్ గొలుసుని అనుమానిస్తే మున్సిపాలిటీని అనుమానించినట్టే," అన్నాడు. అందరూ బల్లలు చరిచారు. మున్సిపల్ గొలుసు పొడవు అరవయ్యారు అడుగులనీ, అది ఏ స్థితిలో ఉన్నప్పటికీ అంతే పొడవనీ తీర్మానించడమైనది. పాతికేళ్లు దాటిన సర్వీసులో నా మీద పెట్టిన తీర్మానం అదొక్కటే. గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

పోలమ్మ గోల చెయ్యలేదు. "అయితే బావూ, ఇంక ఊరంతటికీ ఇదే కొలతా?"

"ఇదే."

"రాసీసినారా?"

"రాసీసినాం."

"అయితే ముందు మీ యిల్లు కొలవండి. సైర్మన్ యింటికాడ సరిపోతే నాను నోరు మూసుకుంటాను."

గుంపస్వామి నవ్వాడు. ఆయన ఇంటి స్థలం వీధి వైపు వెడల్పు దస్తావేజులో సరిగ్గా ఒక గొలుసు. వీధి వీధంతా పాత లేఔటు, ఆయనదే మొదలుగా వరసగా ఎనిమిది ఇళ్లు, ఒక్కోటి ఒక్కో గొలుసు. వీధి చివర మున్సిపల్ ఆఫీసు. జోగినాయుడు నన్ను పరిచాడు. నా పిడి చైర్మన్ గోడ దాటి, పక్కింటి ప్లీడరుగారి అరుగు మీద పడింది.

చైర్మన్ అరుగు వైపు చూశాడు. ఒక్క క్షణంలో అది అరుగులా కనబడటం మానేసి ఆక్రమణలా కనబడింది.

"ఏం ప్లీడరూ! ఇన్నేళ్లూ నా మూడడుగుల మీద కూకుని పేపరు సదువుతున్నావేటి?"

"మర్యాదగా మాట్లాడండి. నా హద్దు ఇక్కడికి జరిగితే నా గొలుసూ ఇక్కడినుంచే మొదలవ్వాలి. వెయ్యండి!" అన్నాడు ప్లీడరు.

వేశారు. రెండిళ్లు దాటేసరికి ఆరడుగులు తేడా. మూడో ఇంటివాళ్లు నాలుగో ఇంటి బాత్రూముని తమదన్నారు. నాలుగో ఇంటావిడ అయిదో ఇంటి తులసికోటకి దణ్ణం పెట్టి మరీ స్వాధీనం చేసుకుంది. ఎవరినడిగినా తాము ఒక్క అంగుళం తీసుకోలేదనే అన్నారు, తమవే పోయాయన్నారు. చొక్కాలు పట్టుకున్నవాళ్లు చొక్కాలు పట్టుకోగా, మిగిలినవాళ్లు నన్ను పట్టుకుని ముందుకి లాగారు. ఎనిమిదో గొలుసు పూర్తయ్యేసరికి ఇరవైనాలుగు అడుగులు తేడా వచ్చింది. నా పిడి మున్సిపల్ ఆఫీసు గుమ్మం దాటి, వరండా దాటి, చైర్మన్ కుర్చీ కింద ఆగింది.

"ఈ గది నాది. బయటికి నడవండి," అన్నాడు ఎనిమిదో ఇంటి రిటైర్డు మాస్టారు, కుర్చీలో కూర్చుంటూ.

అరగంటలో అత్యవసర సమావేశం పెట్టారు. మాస్టారు లేవనన్నారు కాబట్టి వరండాలో పెట్టారు. నా మీద తీర్మానం రద్దయింది. కొత్త స్టీలు టేపు కొనమన్నారు. నన్ను ఆఫీసులో రిజిస్టర్ల బీరువా పక్కన మేకుకి తగిలించారు. కుక్క గొలుసు మాత్రం విప్పలేదు. అది సాక్ష్యమని ఒకరు, అనవసరమని ఇంకొకరు అన్నారు. తేలలేదు.

మరి పోలమ్మ సంగతి? అదీ ఎవరో అడిగారు. "కట్టిన గోడలు కూల్చలేం పోలమ్మా. ఉన్నదాంట్లో సర్దుకో," అన్నాడు గుంపస్వామి. తన మూడడుగుల కోసం ప్లీడరు చొక్కా చించిన మనిషే. ఎనిమిదో నంబరు పూలమ్మాయి మాత్రం తన మూడడుగులు తీసుకోమంది గానీ, మధ్యలో తొమ్మిదో నంబరువాడి గోడ అడ్డమొచ్చింది.

పోలమ్మ షట్టరుని కొట్టుకి తలుపుగా పెట్టలేక, పైన కప్పుగా ఏటవాలుగా వేసుకుంది. చేపలు తడవడం లేదు. రెండో బుట్టకి చోటు లేదు, అది రోడ్డు మీదే ఉంటుంది. వాన వస్తే దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది.

కొత్త టేపు వచ్చిన రోజు జోగినాయుడిని తీసుకెళ్లి తన కొట్టు కొలిపించింది. కొలిపించి, వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చి, నా కిందే నిలబడి రిజిస్టరు తీయించింది.

"రాయి బావూ. ఎంత పోయినాదో రాయి."

"రాసి ఏం చేస్తావే? తిరిగొస్తాదేటి?"

"రాసుంటే రేపు ఎవులైనా అడుగుతారు. రాయకపోతే నాను కూడా మరిసిపోతాను."

జోగినాయుడు కలం తీశాడు. "సరే. ఆరడుగులు తక్కువ."

"టేపు మీద ఆరు దాటి ఇంకోటేదో సూసినావు గదా. అదేటి?"

"అదా, అర అంగుళం. దాన్నెవడు రాస్తాడే?"

"నువ్వే. పోయింది నాది."

జోగినాయుడు నా వైపు చూడకుండా రాశాడు. పదో నంబరు కొట్టు, మైలపల్లి పోలమ్మ. ఇవ్వవలసింది పదమూడడుగుల రెండున్నర అంగుళాలు. ఇచ్చింది ఏడడుగుల రెండంగుళాలు. తక్కువ, ఆరడుగుల అర అంగుళం.