పైనుంచి దిగిన తలకట్టు

మరిది అచ్చాఫీసు గోడకు కొత్తగా అంటించిన కాగితాన్ని ఆమె కూడబలుక్కుని చదివింది. పాతకాలపు బోర్డుల మీది లావుపాటి కుంచె అక్షరాలు కంప్యూటర్‌కు ఫాంటుగా తయారయ్యాయట. దుకాణాల పేర్లకు, పెద్ద శీర్షికలకు దివ్యంగా ఉంటాయట. అడుగున ‘అక్షరాలు రాసినవారు’ అన్నచోట పోయిన భర్త పేరుంది.

“ఇవి ఆయనవి కావు. నావి,” అంది.

మరిది నవ్వాడు. “నిన్నగాక మొన్న ఓనమాలు దిద్దావు వదినా. ఈ బోర్డులు రాసి ఇరవై ఏళ్లు.”

అందులో అబద్ధమేమీ లేదు. ఆమె పలక పట్టింది యాభై ఎనిమిదో ఏట. కానీ అంతకు ఎంతో ముందే భర్తకు చేయి వణకడం మొదలైంది. ఆయన సుద్దముక్కతో నేల మీద వంకరటింకరగా గీసి చూపిస్తే, ఆమె నిచ్చెనెక్కి రేకు మీద నిండుగా దించేది. ఏ వంకీ ఏ అక్షరమో తెలిసేది కాదు. పని అయ్యాక ఆయన మూలన తన పేరు రాసుకునేవాడు. ఆడమనిషి రాసిందంటే బోర్డు ఎవరిస్తారనేవాడు. ఆమె సరేనంది. అప్పటికి ఆ పేరు చదవడం రాదు గనక సరేనంది.

పోయిన అన్నయ్యకు దక్కే గౌరవానికి అడ్డుపడొద్దనీ, రేపే ఫాంటు విడుదలనీ మరిది నచ్చజెప్పబోయాడు. ఆమె అతన్ని వదిలేసి, కంప్యూటర్ ముందున్న అతని కూతుర్ని ఫాంటు కోసం తీసిన పాత బోర్డు ఫొటో పెద్దది చేసి చూపించమంది.

మూలనున్న పేరులో తలకట్లన్నీ ఎడమనుంచి పైకి లేచాయి. మొదట్లో రంగు చిక్కగా, కొసన పలచగా ఉంది. పెద్ద అక్షరాల మీద అంతా తలకిందులు. రంగు కుడికొసన చిక్కగా పడి, కిందికి దిగుతూ ఎడమవైపు ఎండిన కుంచె చారలుగా తేలిపోయింది.

“రాయడం వచ్చినవాళ్లు ఇలా పెట్టరు కదా పెద్దమ్మా,” అంది ఆ పిల్ల.

“నాకు రాదుగా. పైనుంచి దిగే తోకనుకున్నాను. బడిలో పంతులమ్మ ఎన్నిసార్లు దిద్దించిందో. పెన్సిలు మాట వింటుంది, కుంచె వినదు.”

మరిది మొహం ముడుచుకుంది. “తప్పుగా పెట్టిన తలకట్టుకు ఇంత హడావుడా?”

“తప్పే. నా తప్పు. నీకొద్దంటే తలకట్లన్నీ పీకేసి అమ్ముకో. ఆ బోడి అక్షరాలు ఎవరు కొంటారో నేనూ చూస్తాను.”

అతను ఫొటో వంక, కాగితం వంక చూశాడు. పిల్ల తండ్రినడక్కుండానే తెర మీద ఆ కాగితాన్ని తెరిచి, పెదనాన్న పేరు చెరిపేసి, పెద్దమ్మ పేరు కొట్టడానికి మీటల మీద వేళ్లు పెట్టింది.

“నువ్వు లే. నేను కొడతా.”

ఆమె కూర్చుని ఒక్కో మీటా వెతికి, ఒంటివేలితో నొక్కసాగింది. తెర మీద ఆమె అక్షరాలే ఒక్కొక్కటీ వచ్చి నిలబడుతున్నాయి. మరిది వెనక అసహనంగా కదిలాడు.

“ఎంతసేపు వదినా?”

“ఇరవై ఏళ్లు ఆగాను. నువ్వు రెండక్షరాలు ఆగలేవా?”