వెనక సీటు పొడవు

ఏసయ్య తన తెల్ల అంబాసిడర్ బానెట్టును తడిగుడ్డతో మూడోసారి తుడుస్తున్నాడు. నలభై ఏళ్లు స్టీరింగు పక్కనున్న గేరు లాగి లాగి ఆయన ఎడమ భుజం కాస్త కిందికి జారింది. ఈరోజు బేరం తగలకపోతే బండి తుక్కుకు ఇచ్చేస్తానని పొద్దున్నే భార్య లీలావతికి మాటిచ్చి వచ్చాడు.

పక్కన నీలం ఫియట్‌కు ఆనుకుని నాగేశ్వరరావు నవ్వుతున్నాడు. ఆ ఆరడుగుల మనిషి అంత చిన్న కారులో ఎట్లా ఇముడుతాడో నరసరావుపేట కార్ల స్టాండులో ఎవరికీ అర్థం కాదు.

"ఎంత తోమినా అది లీటరుకి తొమ్మిది దాటదురా ఏసయ్యా. నాది పద్నాలుగు."

విని విని చెవులు చిల్లులు పడ్డాయి ఏసయ్యకు. "నాది పద్నాలుగొందల ఎనభై తొమ్మిది సీసీ అన్నా. నీది వెయ్యిన్నీ ఎనభై తొమ్మిది. కోటప్పకొండ ఎక్కేటప్పుడు నీ బండి దగ్గుద్ది."

"దగ్గినా ఎక్కుద్ది. నీ దున్నపోతు తిరగాలంటే రోడ్డు చాలదు."

"నా ఎనక సీట్లో ఆరడుగుల మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. నీ దాంట్లో?"

"కారు పడుకోడానికేందిరా!"

వాదన రోజూ ఇక్కడికొచ్చి ఆగుతుంది. ఇవాళ మాత్రం తేలిపోవాలి. పెళ్లి ఫొటోలకు పాత కారు కావాలని షెర్లీ అనే ఫొటోల అమ్మాయి వచ్చింది. ఇద్దరూ పోటీపడి సీసీలు, గుర్రాల బలాలు ఏకరువు పెట్టారు. ఆ పిల్ల ఒక్కటీ చెవిన వేసుకోలేదు.

"ఈపూరు దగ్గర పత్తి చేలో తీస్తాం అంకుల్. తెల్ల పత్తిలో తెల్ల కారు కనపడదు. బ్లూ తీసుకురండి" అని చెప్పి, ఇద్దరి ఫోన్ నంబర్లూ తీసుకుని ముందు వెళ్లిపోయింది.

నాలుగొందల సీసీ తేడా ఉండి ఏం లాభం? రంగు చేతిలో ఓడిపోవడం ఏమిటని ఏసయ్యకు తల కొట్టేసినట్టయింది.

నాగేశ్వరరావు ఈల వేసుకుంటూ తాళం తిప్పాడు. ఫియట్ కదల్లేదు. బంపరు కన్నంలో ఇనప హ్యాండిలు దూర్చి చేత్తో ఇంజను తిప్పడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఒక చెయ్యెయ్యరా."

"పద్నాలుగిచ్చే బండి గదా, నువ్వే తిప్పుకో" అని ఏసయ్య కసిగా మొహం తిప్పుకున్నాడు.

ధబ్బుమన్న చప్పుడుకు మళ్లీ చూశాడు. నాగేశ్వరరావు కింద పడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట.

టీకొట్టు హజ్రా బీ కాళ్లు పట్టుకుంటే, ఇద్దరూ కలిసి ఆయన్ను అంబాసిడర్ వెనక సీట్లోకి చేర్చారు. తలుపు పడలేదు. పాదాలు జానెడు బయటికొచ్చాయి.

"కాళ్లు పట్టలేదురా ఏసయ్యా" అన్నాడు నాగేశ్వరరావు. ఆ నొప్పిలోనూ గొంతులో గెలుపు వినిపించింది.

"ముడుచుకో అన్నా! ఇప్పుడా నీ కొలతలు!" అని కసిరాడు ఏసయ్య.

మోకాళ్లు ముడుచుకున్నాయి. తలుపు పడింది. మల్లమ్మ సెంటరు దాటాక వెనకనుంచి మాట రాలేదు. ఆస్పత్రి డాక్టరు కారు దగ్గరికే వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, ఇంటికి ఫోన్ చెయ్యమన్నాడు. కూతురు ప్రశాంతి వచ్చి తండ్రి శవాన్ని తీసుకెళ్లింది.

స్టాండుకు తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఒక్క చెయ్యి వేసి ఉంటే ఏం పోయేది అనుకుంటే ఏసయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఫోను మోగింది.

"బ్లూ కారు అంకుల్ ఎత్తట్లేదు. వెలుగు పోతోంది, తెల్లదైనా పర్లేదు, మీరు రండి" అంది షెర్లీ.

ఏసయ్య తన ఖాళీ వెనక సీటు వైపు చూశాడు.

"బండి ఖాళీ లేదమ్మా" అన్నాడు.

ఎదురుగా నీలం ఫియట్ ముందు కన్నంలో, సగం తిరిగి ఆగిపోయిన ఇనప హ్యాండిలు అట్లాగే ఉంది.